క్రుమ్‌కాకె, గోరో, స్ట్రుల్: నార్వే పల్చటి బిస్కెట్లలో ఏది చేసుకోవాలి, ఏ అచ్చు కొనాలి

నార్వేలో క్రిస్మస్‌కి ఏడు రకాల బిస్కెట్లు చేసి డబ్బాలకెత్తాలన్నది పాత ఆనవాయితీ. ఆ ఏడూ ఏవన్నది ఇంటింటికీ మారుతుంది గానీ, జాబితా ఎవరిదైనా అందులో క్రుమ్‌కాకె లేకపోవడం అరుదు. గోరో కూడా చాలామంది జాబితాలో ఉంటుంది. మిగతావి ఎక్కువగా ఓవెన్లో పెట్టేవో, కొవ్వులోనో నూనెలోనో వేయించేవో. ఈ రెండూ అలా కాదు. చెక్కడాలున్న రెండు లోహపు పలకల మధ్య పిండి పెట్టి, నొక్కి పట్టి, రెండు వైపులా కాల్చాలి. అందుకే అంత పల్చగా, కరకరలాడుతూ, మీద పువ్వులూ తీగల ముద్రలతో వస్తాయి.

ఓస్లోలోనో స్టవాంగర్లోనో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు డిసెంబరులో కాఫీ పక్కన ఇవి తగులుతుంటాయి. అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్, నార్త్ డకోటా వైపు ఉన్నవాళ్లకైతే నార్వే మూలాలున్న పక్కింటివాళ్లు రేకు డబ్బాలో పెట్టి ఇస్తారు. కొరకగానే యాలకుల వాసన వస్తుంది కాబట్టి మనవాళ్లకు కొత్త అనిపించదు. ఇంట్లో చేసుకుందామని ఆన్‌లైన్లో వెతికితే మాత్రం గుండ్రటివి, దీర్ఘచతురస్రపువి, హృదయం ఆకారంవి, పొయ్యి మీదవి, కరెంటువి అన్నీ కలిసి కనిపించి టెన్షన్ పెడతాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. వంటకం ఎంచుకుని దానికి అచ్చు వెతుక్కుంటే ఇక్కడ పని చెడుతుంది. మీ ఇంట్లో పొయ్యి ఏది, ఆ పూట వంటింట్లో ఎన్ని చేతులు ఖాళీగా ఉంటాయి, తినేవాళ్లు గుడ్డు తింటారా అనే మూడు సంగతులు తేలితే అచ్చు తేలుతుంది. అచ్చు తేలితే ఏ వంటకమో కూడా తేలిపోయినట్టే.

క్రుమ్‌కాకె

మొదటిసారి చేసేవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. పిండి జారుగా ఉంటుంది. వత్తడం, కోయడం ఉండవు. చెంచాతో అచ్చు మీద వేసి మూసేయడమే. కాలిన పల్చటి బిళ్లను వేడి మీదే కొయ్య శంకువు చుట్టూ చుడతారు. శంకువు లేకపోతే బోర్లించిన కప్పు మీద పరిస్తే చిన్న గిన్నెలా వస్తుంది. నార్వేలో రెండు ఆకారాలూ ఉన్నాయి కాబట్టి గిన్నె చేస్తే తప్పేమీ కాదు. చెయ్యి అలవాటు కానివాళ్లకు గిన్నే సుఖం.

కొలత గుర్తుపెట్టుకోవడం కూడా తేలిక. అక్కడి పాత లెక్క సమపాళ్లు: గుడ్లు ఎంత బరువో పంచదార అంత, వెన్న అంత, మైదా అంత. పెంకు తీసిన నాలుగు గుడ్లు సుమారు 200 గ్రాములు తూగుతాయి. మిగతా మూడూ 200 గ్రాముల చొప్పున తీసుకోండి. అర చెంచా నుంచి చెంచా దాకా అప్పుడే దంచిన యాలకుల పొడి వేయండి. గుడ్లూ పంచదారా తెల్లబడి నురగ వచ్చేదాకా గిలకొట్టి, కరిగించి చల్లార్చిన వెన్న పోసి, చివర్లో జల్లించిన మైదా కలపాలి. ఉండలు పోయాక ఇక కలపడం ఆపేయాలి. ఆ తర్వాత కనీసం అరగంట పక్కన పెట్టాలి. ఈ అరగంటను చాలామంది తొందరలో ఎగ్గొడతారు. మైదా తడి పీల్చుకుని, వెన్న కాస్త బిగుసుకుని పిండి చిక్కబడేది అప్పుడే. మరీ చిక్కబడితే ఒకటి రెండు చెంచాల నీళ్లు కలపండి. దోసెల పిండి కంటే కొంచెం గట్టిగా, చెంచా వంచితే మెల్లగా జారేలా ఉండాలి.

కరకర ఇంకాస్త కావాలనుకుంటే మైదాలో ఐదో వంతు తీసేసి ఆ మేరకు బంగాళాదుంప పిండి వేస్తారు. మనకు అది దొరక్కపోతే కార్న్‌ఫ్లోర్ సరిపోతుంది.

అచ్చు మీద పిండి వేసే చోటు గురించి ఒక సంగతి. మధ్యలో వేయాలనిపిస్తుంది గానీ, మధ్యకు కాస్త వెనక్కి, కీలు వైపు వేయాలి. మూత మూసేటప్పుడు ముందు కీలు దగ్గరి భాగమే దగ్గరపడుతుంది. దాంతో పిండి పిడి వైపు తోసుకొస్తుంది. సరిగ్గా మధ్యలో వేస్తే ముందు నుంచి కారుతుంది, వెనక సగం ఖాళీగా మిగులుతుంది. ఒకటి రెండు కాల్చి చూస్తే మీ అచ్చుకు ఎంత పిండి, ఎక్కడ వేయాలో చేతికి తెలిసిపోతుంది. ఆ మొదటి రెండూ ఎలాగూ నిలబడి తినేసేవే.

మూత తీసినప్పుడు బిళ్ల లేత బంగారు రంగులో, అంచులు మాత్రం కొంచెం ముదురుగా ఉండాలి. అప్పుడు అది బట్టలా వంగుతుంది. కారణం పంచదార. వేడిలో కరిగి మెత్తగా ఉన్న పంచదార చల్లబడగానే గాజులా బిగుస్తుంది. మీ చేతిలో ఉన్న సమయం పది సెకన్లు, మహా అయితే కాస్త ఎక్కువ. ఆలస్యమైతే చుట్టేటప్పుడు పటుక్కుమని విరుగుతుంది. అంత వేడిది వేళ్లతో పట్టుకోవాలి కాబట్టి పల్చటి నూలు చేతితొడుగులు దగ్గర పెట్టుకోండి. పల్చటి గరిటె అంచుతో లేపి, శంకువు మొనను బిళ్ల అంచు మీద ఆనించి, రెండో చేత్తో చుట్టేసి, అతుకు కిందికి వచ్చేలా బల్ల మీద కాసేపు నొక్కి ఉంచితే చాలు. శంకువులు రెండు ఉండటం మంచిది. ఒకటి చల్లారుతుంటే రెండోది పనిలో ఉంటుంది.

ఇవి ఉత్తవే తినొచ్చు. పండగ పూటైతే నార్వేవాళ్లు గిలకొట్టిన క్రీమ్ నింపుతారు. అందులో ఉత్తరాది చిత్తడి నేలల్లో కాసే మల్టె అనే నారింజరంగు పళ్లు కలిపితే ఇక దానికి మించింది లేదంటారు. ఆ పళ్లలో పులుపు ఉంటుంది. మన ఊళ్లో చేసుకునేవాళ్లు క్రీమ్‌లో ఏ పండు కలిపినా కాస్త పుల్లనిది చూసుకోండి, వట్టి తీపి మీద తీపి అయితే రెండోది తినలేరు. క్రీమ్ నింపడం మాత్రం బల్ల మీద పెట్టే ముందే. పావుగంట ముందు నింపినా మెత్తబడిపోతాయి.

గోరో ఎవరికి

గోరో రుచిలో క్రుమ్‌కాకె కంటే ఒక మెట్టు పైన అని నా అభిప్రాయం. పనిలో మాత్రం నాలుగు మెట్లు పైన. ఇది జారు పిండి కాదు, ముద్ద. గుడ్డు, పంచదార, క్రీమ్, యాలకులు, నిమ్మ తొక్క తురుము, కొంచెం బ్రాందీ వేసి మైదాతో ముద్ద చేస్తారు. తర్వాత వెన్నను మడతల మధ్య పెట్టి, వత్తి, మళ్లీ మడిచి, మళ్లీ వత్తుతారు, పఫ్‌లకు చేసినట్టు. బ్రాందీ వద్దనుకునేవాళ్లు దాని బదులు అంతే నిమ్మరసం, నీళ్లు కలిపి పోయొచ్చు. ముద్దను ముందు రోజే చేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టడం మామూలు.

మర్నాడు పల్చగా వత్తి, అచ్చు కొలతకు కత్తిరించుకున్న కాగితమో అట్టో మీద పెట్టి, దాని చుట్టూ కోస్తారు. గోరో అచ్చు దీర్ఘచతురస్రంగా ఉంటుంది. పలక మీద పక్కపక్కనే చెక్కిన గళ్లను బట్టి ఒకేసారి రెండో మూడో బిస్కెట్లు అతుక్కుని వస్తాయి. కాలాక వేడిమీదే వాటిని విడదీసి, చుట్టూ బయటికి వచ్చిన అంచును కత్తితో తీసేయాలి. ఇది చుట్టేది కాదు, బల్లపరుపుగానే ఉంటుంది. అంచులు సూటిగా, ముద్ర స్పష్టంగా ఉంటేనే గోరో అందం. తీసేసిన అంచు ముక్కలు పిల్లలవి.

ఇబ్బందులు రెండు. వెన్న ఎక్కువ కాబట్టి అచ్చు నొక్కగానే పక్కల నుంచి కారి పొయ్యి మీద పడుతుంది, పొగ వస్తుంది. గ్యాస్ మంట మీదైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. మంట సన్నగా పెట్టి, కిటికీ తీసి, పసిపిల్లలను బయటికి పంపి మొదలుపెట్టాలి. రెండోది, ఒక్కరే చేయలేరు. చేయొచ్చు గానీ విసుగొస్తుంది. ఒకరు వత్తి కోస్తుంటే ఇంకొకరు అచ్చు దగ్గర నిలబడాలి. ముద్ద చల్లగా ఉండగానే కోయాలి, వంటింటి వేడికి మెత్తబడితే కాగితానికి అతుక్కుంటుంది. విజయవాడ మే నెలలో గోరో ఆలోచనే పెట్టుకోకండి.

కాబట్టి గోరో అచ్చు మొదటి అచ్చుగా కొనొద్దు. ఇంట్లో ఇద్దరికి వంట సరదా ఉండి, రెండు రోజులు కేటాయించగలిగి, క్రుమ్‌కాకె ఇప్పటికే చేయి తిరిగిపోయి ఉంటే అప్పుడు ఆలోచించండి. గోరోకు కరెంటు అచ్చులు దుర్లభం. దొరికేవి ఎక్కువగా పోత ఇనుపవి, బరువైనవి. నార్వేలో ఉన్నవాళ్లు పాత సామాన్లు అమ్మే ఫిన్ సైట్లో వెతికితే అమ్మమ్మల కాలం నాటివి దొరుకుతాయి.

గుడ్డు తినని ఇల్లయితే

పశ్చిమ నార్వేలో బాగా వాడుకలో ఉన్న స్ట్రుల్ అనేది క్రుమ్‌కాకెకు దగ్గరి చుట్టం. గుడ్ల బదులు క్రీమ్‌తోనో పుల్లటి పాలతోనో చేస్తారు. కాల్చాక సన్నటి గొట్టంలా చుడతారు. దీనికి విడిగా అచ్చు అక్కర్లేదు, క్రుమ్‌కాకె అచ్చే చాలు.

మన దగ్గర చేయాలంటే: తాజా క్రీమ్‌ను మెత్తటి నురగ వచ్చేదాకా గిలకొట్టి, పంచదార పొడి, మైదా, యాలకులు మెల్లగా కలిపి, చెంచా నుంచి జారేదాకా చల్లటి నీళ్లు పోయండి. గుడ్డు పట్టు లేదు కాబట్టి బిళ్ల ఇంకా సుతారంగా వస్తుంది, అచ్చు నుంచి తీసేటప్పుడు చినుగుతుంది కూడా. అచ్చుకు మొదట్లో రెండు మూడుసార్లు వెన్న రాయక తప్పదు. క్రుమ్‌కాకె కొలతలోంచి గుడ్డు తీసేసి పెరుగో అరటిపండో వేసే పద్ధతులు కనిపిస్తుంటాయి. అవి మెత్తగా వస్తాయి, ఈ వంటకానికి మెత్తదనం చేటు. గుడ్డు వద్దంటే నేరుగా స్ట్రుల్‌కి వెళ్లడమే తెలివి.

పొయ్యి మీదదా, కరెంటుదా

అసలు డబ్బు ఖర్చయ్యేది, తేల్చుకోవలసిందీ ఇక్కడే.

పొయ్యి మీది అచ్చు రెండు భాగాలు. కింద పొయ్యి మీద కూర్చునే ఒక కడియం, దానిలో ఆనే రెండు పలకల అచ్చు. కీలు దగ్గర గుండు ఉంటుంది, అది కడియం గాడిలో తిరుగుతుంది. పిడి పట్టుకుని మొత్తం అచ్చును అక్కడికక్కడే తిప్పేయొచ్చు. ఒకవైపు అర నిమిషం నుంచి నిమిషం, తిప్పి మళ్లీ అంతే. పూర్వం ఇళ్లలో చలిమంట నిప్పు మీద పొడుగు పిడుల అచ్చులతో చేసేవాళ్లు. ఇప్పటి కడియం అచ్చు దానికి పొట్టి రూపం.

అమెరికాలో ఎక్కువగా కనిపించేది నార్డిక్ వేర్ చేసే పోత అల్యూమినియం అచ్చు. ఆ కంపెనీని 1946లో మిన్నియాపొలిస్‌లో డేవిడ్ డాల్క్విస్ట్, డోరతీ డాల్క్విస్ట్ దంపతులు మొదలుపెట్టారు. నడుమ రంధ్రం ఉండే బండ్ట్ కేకు గిన్నెలతో పేరు వచ్చింది గానీ, వాళ్లు మొదట అమ్మినవాటిలో ఈ స్కాండినేవియా అచ్చులే ఉన్నాయి. అల్యూమినియం తేలిక, తొందరగా వేడెక్కుతుంది, తుప్పు పట్టదు. ఎంత తొందరగా వేడెక్కుతుందో అంత తొందరగా చల్లారుతుంది కూడా, కాబట్టి మంటను కనిపెట్టుకుని ఉండాలి. పోత ఇనుము దీనికి వ్యతిరేకం: వేడెక్కడానికి పది నిమిషాలు పట్టినా, ఒకసారి పట్టాక వేడి నిలకడగా ఉంటుంది, ముద్ర కూడా గాఢంగా పడుతుంది. బరువు మాత్రం మణికట్టుకు తెలుస్తుంది. వాడాక సబ్బుతో రుద్దకుండా తుడిచి, ఆరబెట్టి, నూనె చుక్క రాసి పెట్టాలి. ఇనప పెనం వాడే ఇంట్లో ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ మనకు కలిసొచ్చేది గ్యాస్ పొయ్యి. నార్వే ఇళ్లలో గ్యాస్ తక్కువ, కరెంటు పొయ్యిలే. పాత అచ్చు వేడెక్కడానికి వాళ్లు ఎదురుచూడాలి. మనకు మంట కళ్ల ముందు ఉంటుంది, క్షణంలో తగ్గించుకోవచ్చు. కాకపోతే కడియం మీ స్టవ్ కమ్మీల మీద కదలకుండా కూర్చుంటుందో లేదో చూసుకోవాలి. మన స్టవ్‌లలో కొన్నింటికి నాలుగు కమ్మీలే ఉండి మధ్యలో ఖాళీ ఎక్కువ, కడియం జారి పక్కకు ఒరుగుతుంది. అలాంటప్పుడు పైన ఇనప జల్లెడ పలక వేసి దాని మీద పెట్టాలి.

ఇండక్షన్ స్టవ్ మాత్రమే ఉన్నవాళ్లు పొయ్యి అచ్చు జోలికి పోవద్దు. అల్యూమినియం దాని మీద పనే చేయదు. ఇనుముది కూడా కడియంలో పైకి లేచి ఉంటుంది కాబట్టి సరిగ్గా అందదు.

కరెంటు అచ్చు సంగతి వేరు. రెండు పలకలూ ఒకేసారి వేడెక్కుతాయి, తిప్పే పని లేదు. దీపం వెలిగి సిద్ధమని చెబుతుంది. రంగు ప్రతిసారీ ఒకేలా వస్తుంది. ఎక్కువ రకాల్లో ఒకేసారి రెండు బిళ్లలు. అమెరికాలో కుచీనాప్రో, నార్వేలో విల్ఫా ఇలాంటివి అమ్ముతాయి.

లెక్క వేసి చూద్దాం. పైన చెప్పిన 200 గ్రాముల కొలతతో సుమారు 800 గ్రాముల పిండి. బిళ్లకు ఒక పెద్ద చెంచా, అంటే 20 గ్రాములు పోతే 40 బిళ్లలు. పొయ్యి మీది అచ్చుతో ఒక్కోటి తీసి వేయడంతో కలిపి నిమిషంన్నర పట్టినా గంట పని. రెండు బిళ్లల కరెంటుదైతే కాగితం మీద అరగంట. కానీ నిజంగా అరగంటలో అవదు. రెండూ ఒకేసారి కాలిపోతాయి, చుట్టే చేతులు మాత్రం ఒక జతే. మొదటిది చుట్టేలోపు రెండోది బల్ల మీద ఉంటే బిగిసిపోతుంది. దీనికి ఉపాయం, మూత తెరిచి రెండోదాన్ని పలక మీదే వదిలేయడం. వేడి మీద ఉన్నంతసేపు మెత్తగానే ఉంటుంది, పైన మూత లేదు కాబట్టి మాడిపోయేంత తొందరగా రంగు మారదు. అందుకే రెండోది ఎప్పుడూ ఒక ఛాయ ముదురుగా వస్తుంది, అంతే. పక్కన ఇంకొకరు రెండో శంకువుతో నిలబడితే ఆ గొడవ కూడా ఉండదు.

ముద్ర విషయంలో మాత్రం పొయ్యి అచ్చుదే పైచేయి. కరెంటు అచ్చుల మీద నాన్‌స్టిక్ పూత ఉంటుంది, చెక్కడం లోతు తక్కువ. అతుక్కోదు, కడగడం సులువు. పూత పోయిన రోజు అచ్చు కూడా పోయినట్టే. పోత ఇనుముదైతే మీ పిల్లల పిల్లలకు ఇవ్వొచ్చు.

ఎక్కువమంది అతిథులకు, అదీ ఏటా చేయాలనుకుంటే కరెంటుది కొనండి. ఏడాదికి ఒకసారి సరదాగా ఇరవై చేసుకునేవాళ్లకు గ్యాస్ ఉంటే అల్యూమినియం పొయ్యి అచ్చు చాలు. ధర తక్కువ, అలమారలో చోటు తక్కువ, చెడిపోవడానికి ఏమీ లేదు. నన్ను ఒక్కటే తీసుకోమంటే పొయ్యిదే తీసుకుంటాను. తిప్పుతూ నిలబడటం కష్టమనిపించేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మరో మాట లేకుండా కరెంటుది తీసుకుని కుర్చీలో కూర్చుని చేసుకోండి.

అచ్చు మీద రాసిన పేరు సరిగ్గా చూడండి. ఇటలీ పిజ్జెల్లె అచ్చు చూడటానికి అచ్చంగా ఇలాగే ఉంటుంది. దానిలో క్రుమ్‌కాకె పిండి కాలుతుంది గానీ, పలకల మధ్య సందు ఎక్కువ కాబట్టి బిళ్ల మందంగా వస్తుంది, చుట్టేటప్పుడు పగుళ్లు వస్తాయి. గిన్నెలా మలచుకోవడానికి పనికొస్తుంది. ఐదు హృదయాలు కలిసిన పువ్వు ఆకారంలో ఉన్న లోతైన అచ్చు నార్వేదే, కానీ అది మెత్తటి వాఫ్లర్‌కు, అంటే వాఫుల్స్‌కు. జామ్‌తోనో గోధుమరంగు చీజ్‌తోనో తినే ఆ వంటకం వేరు, దానిలో పల్చటివి రావు. ఐస్‌క్రీమ్ కోన్లు చేసే యంత్రం ఇప్పటికే ఇంట్లో ఉంటే కొత్తది కొనకండి. పువ్వుల బదులు గళ్లు పడతాయి, రుచి మారదు.

ఇండియాకి తెచ్చుకునేవాళ్లకు

అమెరికా నుంచి అమ్మకు కరెంటు అచ్చు తేవాలని చూస్తారు. తేకండి. అక్కడిది 120 వోల్టులది, మన దగ్గర 230. నేరుగా పెడితే కాలిపోతుంది. వేడి చేసే సామాను కరెంటు బాగా లాగుతుంది కాబట్టి దాన్ని మోయగల ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ధరా అచ్చును మించిపోతాయి. అమెరికా నుంచి తెచ్చేది పొయ్యి మీది అచ్చే అయి ఉండాలి. నార్వే నుంచి వచ్చేవాళ్లకు ఈ బాధ లేదు, అక్కడా 230 వోల్టులే. ప్లగ్ ఆకారం మాత్రం వేరు. అడాప్టర్ పెట్టి నెట్టుకురావడం కంటే ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ తీగతో సహా మన మూడు పిన్నుల ప్లగ్ వేయించడం మంచిది. పోత ఇనుప అచ్చును చేతి సంచిలో పెట్టుకోకండి, విమానాశ్రయంలో సంచి విప్పించి చూస్తారు. చెక్ ఇన్ సామాన్లలో పెట్టేయండి.

సామాన్లలో మార్పులు

మన పంచదార పలుకులు పెద్దవి. గిలకొట్టినా పూర్తిగా కరగవు. కరగని పలుకు అచ్చు మీద మాడి నల్ల చుక్కగా మారుతుంది, తర్వాతి బిళ్ల అక్కడే అతుక్కుంటుంది. మిక్సీలో పొడి చేసి వేయండి. దుకాణంలో ప్యాకెట్ వెన్న చాలావరకు ఉప్పుది, కాబట్టి విడిగా ఉప్పు వేయకండి.

ఇంట్లో చిలికిన వెన్నపూస వాడాలనుకుంటారు. దానిలో నీళ్లు, మజ్జిగ ఎంతున్నాయో తెలియదు. నీళ్లు ఎక్కువైతే బిళ్ల నిండా బొబ్బలు లేచి ముద్ర చెరిగిపోతుంది, కరకర కూడా తగ్గుతుంది. దానికంటే నెయ్యి నయం. వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం. 200 గ్రాముల వెన్న బదులు 160 గ్రాముల కరిగించిన నెయ్యి, 40 మిల్లీలీటర్ల పాలు లెక్క సరిపోతుంది. నెయ్యి వాసన యాలకులతో కలిసి వేరే దారి పడుతుంది, నార్వేవాళ్లు గుర్తుపట్టకపోవచ్చు. నాకు అదీ నచ్చుతుంది.

యాలకుల దగ్గర పొదుపు అక్కర్లేదు. నార్వేలో కొందరు నిమ్మ, వనిల్లాతో సరిపెట్టుకుంటారు. అమెరికాలో స్థిరపడ్డ నార్వే కుటుంబాల్లో యాలకుల మోతాదు బాగా కనిపిస్తుంది. మనం ఎటూ ఆ రెండో పక్షమే. గింజలు తీసి దంచుకోండి, తొక్కతో సహా మిక్సీలో వేస్తే పిండిలో పీచు తగులుతుంది.

నిల్వ

మూత బిగుతుగా పట్టే రేకు డబ్బా, అడుగున కాగితం, పూర్తిగా చల్లారాకే సర్దడం. ఓస్లో శీతాకాలంలో వెచ్చబెట్టిన ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి వారాలు నిలుస్తాయి. విశాఖపట్నంలో, చెన్నైలో ఆ ధీమా వద్దు. బయట పెట్టిన గంటలోనే తేమ పీల్చి సాగుతాయి. మెత్తబడితే 120 డిగ్రీల ఓవెన్లో నాలుగైదు నిమిషాలు పెట్టి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. శంకువు ఆకారం మాత్రం వేడికి కాస్త విచ్చుకుంటుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లు డబ్బాలో కాకుండా చిన్న చిన్న జిప్ కవర్లలో విడదీసి పెట్టుకుంటే, ఒకటి తెరిచినప్పుడు మిగతావి చెడవు. ఈ విషయంలో గోరో కొంచెం మేలు. బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి దొంతరగా సర్దితే తక్కువ చోటు పడుతుంది, విరగడమూ తక్కువ. క్రుమ్‌కాకెను కొరియర్‌లో పంపాలనే ఆలోచన ఉంటే మానుకోండి, చేరేది పొడి.

ఏదీ కొనకుండా

ఇవన్నీ చదివి అచ్చు కొనాలని లేకపోతే, అటక మీద గులాబీ పువ్వుల అచ్చు ఉందేమో చూడండి. నార్వేలో రోసెట్‌బక్కెల్స్ అనేవి అలాంటి అచ్చుతోనే చేస్తారు: పొడుగు కడ్డీ చివర పువ్వు, నూనెలో కాచి, పిండిలో ముంచి, మళ్లీ నూనెలో పెట్టి వేయించడం. అంటే ఇవి కాల్చేవి కాదు, వేయించేవి. కానీ పల్చదనం, కరకర, డిసెంబరు డబ్బాలో చోటు, అన్నీ అవే. పిండిలో బియ్యప్పిండి, కొబ్బరిపాలు ఉండవు. మైదా, గుడ్డు, పాలు, కొంచెం పంచదార. చల్లారాక పైన పంచదార పొడి చల్లుతారు. చేసే తీరు మీకు తెలిసిందే. అచ్చు నూనెలో బాగా కాగాలి, పిండిలో ముంచేటప్పుడు పై అంచు దాకా మునగకూడదు, మునిగితే పువ్వు ఊడి రాదు. పిండి పట్టకుండా జారిపోతుంటే అచ్చు చాలినంత వేడెక్కలేదు. ముంచగానే చుయ్యిమని పిండి బొబ్బలెక్కితే మరీ కాగింది, ఒక్క క్షణం నూనె బయట ఆపి అప్పుడు ముంచండి.